వైజాగ్ వదిలి వెళ్లినవాళ్ల అడ్రసులు

ప్రశ్న: నేను పెదవాల్తేరులో ఉంటాను. వయసు 36. పదేళ్లుగా వాటర్‌కలర్స్ వేస్తున్నాను, ఎక్కువగా ఫిషింగ్ హార్బర్, పాత ఊరు, భీమిలి రోడ్డు. వేసినవన్నీ ఒక సోషల్ మీడియా అకౌంట్‌లోనే పెట్టేదాన్ని. 9,000 మందికి పైగా ఫాలో అయ్యేవారు. రెండు నెలల క్రితం ఎవరో దాన్ని హ్యాక్ చేశారు, ఎన్ని కంప్లయింట్లు పెట్టినా తిరిగి రాలేదు. ఇప్పుడు నా దగ్గర మిగిలినవి మూడు ఎగ్జిబిషన్ల విజిటర్స్ బుక్కులు, ఫోన్‌లో కొన్ని నంబర్లు. మెయిల్ లిస్టు పెట్టుకోమని అందరూ అంటున్నారు. ఒకతను 5,000 మెయిల్ ఐడీలు 3,000 రూపాయలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? అసలు ఈ రోజుల్లో మెయిల్స్ ఎవరు చదువుతారండీ? పైగా నాకు రాయడం అంతగా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు ఆ 5,000 ఐడీల సంగతి తేల్చేస్తాను. కొనకండి. ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి. అందులో ఒక్కరికీ మీరెవరో తెలియదు, చాలా ఐడీలు ఎప్పుడో మూతపడి ఉంటాయి, బతికున్న ఐడీల వాళ్లు మీ మెయిల్ చూడగానే స్పామ్ అని నొక్కుతారు. ఆ నొక్కుడు చిన్న విషయం కాదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి: స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే చాలు, మీ పని అయిపోయినట్టే. 0.1 శాతం లోపు ఉంచుకోమనే గూగుల్ చెబుతుంది. కొన్న లిస్టుతో మొదటి రోజే ఆ గీత దాటేస్తారు, ఆ తర్వాత మీ సొంత అక్కకి పంపిన ఎగ్జిబిషన్ ఆహ్వానం కూడా స్పామ్‌లోకే పోతుంది. 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా అవతలి మనిషి ఒప్పుకున్నాడా లేదా అన్నదే ముందు చూస్తుంది. ఆ 3,000తో మంచి కాగితం కొనుక్కోండి.

ఇక పోయిన 9,000 మంది. పదేళ్ల పని ఒక్క రాత్రిలో కనబడకుండా పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు, దాని గురించి కింద చెబుతాను. కానీ ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ పదేళ్లలో డబ్బిచ్చి మీ బొమ్మ కొన్నవాళ్ల పేర్లు గుర్తున్నంతవరకు రాయండి. ముప్పై వస్తాయో, యాభై వస్తాయో. ప్రతి పేరు పక్కన వాళ్లిప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో రాయండి.

నేను ఉడ్‌కట్ ప్రింట్లు వేస్తాను, అంటే చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అద్దడం. కొన్నేళ్ల క్రితం ఇదే పని చేశాను. 64 పేర్లు వచ్చాయి. అందులో వైజాగ్‌లో ఉన్నది 17 మంది. మిగిలినవాళ్లంతా వెళ్లిపోయారు. కొచ్చి, ముంబై, పుణె, హైదరాబాద్, టెక్సాస్, మెల్‌బోర్న్. ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను, ఎందుకంటే అన్నేళ్లూ నేను ఊళ్లో ఉన్నవాళ్లకే అమ్మడానికి ప్రయత్నిస్తూ వచ్చాను. మన ఊరి స్వభావమే అంత కదా. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది, నేవీ కుటుంబాలు రెండు మూడేళ్లు ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ రాగానే సామాను సర్దుకుంటాయి. స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్లు సొంతూళ్లకో పిల్లల దగ్గరికో పోతారు. ఇంజినీరింగ్ అయిన పిల్లలు బెంగళూరుకి, అక్కడి నుంచి అమెరికాకి. ఊళ్లో ఉన్నవాడికి ఫిషింగ్ హార్బర్ బొమ్మ ఎందుకు, పొద్దున్నే వంజరం కొనడానికి వెళ్తే హార్బరే కనబడుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపం చూసి ఏడేళ్లయినవాడికి కావాలి ఆ బొమ్మ.

ఆ మనిషి ఊరు మారినప్పుడు ఇంటి అడ్రస్ మారిపోతుంది, ఫోన్ నంబర్ కూడా మారిపోవచ్చు. మెయిల్ ఐడీ మాత్రం చాలామందికి కాలేజీలో పెట్టుకున్నదే ఇప్పటికీ ఉంటుంది, ఎందుకంటే బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. మెయిల్స్ ఎవరు చదువుతారని అడిగారు కదా. కరెంటు బిల్లులూ ఆఫర్లూ ఎవరూ చదవరు. ఊరు నుంచి ఒక మనిషి రాసింది వస్తే చదువుతారు. మీ మెయిల్ లిస్టు ఎవరి కోసమో మీకు తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే, అందుకే ఇంతసేపు దీని మీదే ఉన్నాను.

విజిటర్స్ బుక్కుల దగ్గరికి వస్తాను. నా దగ్గరా ఒకటి ఉండేది, ఎర్ర అట్ట రిజిస్టరు, అయిదేళ్ల ఎగ్జిబిషన్లవి 212 పేర్లు అందులో. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు నేను పనిచేసుకునే గది రేకులు ఎగిరిపోయాయి. చెక్కబ్లాకులు నాని ఉబ్బిపోయాయి, రిజిస్టరు నీళ్లలో తేలుతోంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నాలుగో రోజు కాస్త ఎండ వచ్చాక పేజీలు ఒక్కొక్కటీ విడదీసి తాడు మీద బట్టల క్లిప్పులతో ఆరేశాను. ఇంకు పెన్నుతో, జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి, బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. 212లో చదవడానికి వచ్చినవి 58. ఒక పేజీలో పైన రెండు లైన్లు బాల్‌పెన్నుతో ఉన్నాయి, "మా అమ్మ పుట్టిన ఇల్లు అచ్చం ఇలాగే ఉండేది మేడమ్, ఆవిడకి చూపించాలని ఉంది" అని. మధ్యలో పెన్ను మార్చారో ఏమో, కింద పేరూ అడ్రసూ ఉండాల్సిన చోట మరక. అది రాసినవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బ్లాకు నా దగ్గర ఇంకా ఉంది, అడిగితే ప్రింటు తీసి ఊరికే పంపేదాన్ని.

అందుకని, ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు మీ మూడు బుక్కులూ పేజీ పేజీ ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. తర్వాత ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. పేరు, మెయిల్, ఊరు, ఎక్కడ ఎప్పుడు కలిశారు, ఏ బొమ్మ దగ్గర ఆగారు లేదా ఏం కొన్నారు, ఏ భాషలో రాయాలి. ఇన్ని కాలమ్స్ చాలు. "ఏ బొమ్మ దగ్గర ఆగారు" అన్నది అన్నిటికంటే విలువైనది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మీకు ఇవ్వలేదు.

ఆ 58 మందితో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. అన్నేళ్లు ఒక్క మాట రాయకుండా ఉండి, ఒకరోజు డబ్బు అవసరమై అందరికీ ఒకేసారి ధరల పట్టిక పంపాను. సగానికి పైగా తిరిగి వచ్చాయి, ముగ్గురు "మీరెవరు?" అని రాశారు, ఒకాయన కాస్త ఘాటుగానే రాశారు. ఆయన తప్పేం లేదు. విజిటర్స్ బుక్‌లో సంతకం పెట్టినవాళ్లు అభిప్రాయం చెప్పడానికి పెట్టారు, మనం నెలనెలా రాస్తామని ఒప్పుకోలేదు. కాబట్టి మీ బుక్కుల్లో ఉన్నవాళ్లకి రోజుకి అయిదుగురికి చొప్పున, విడివిడిగా, మీ మామూలు జీమెయిల్ నుంచే రాయండి. "ఫలానా సంవత్సరం ఫలానా చోట నా ఎగ్జిబిషన్‌కి వచ్చారు, హార్బర్ బొమ్మ గురించి రెండు మాటలు రాశారు. నెలకోసారి ఒక బొమ్మ, దాని వెనక కథ మెయిల్‌లో పంపుతున్నాను. పంపమంటే 'సరే' అని ఒక్క మాట రాయండి, జవాబు రాకపోతే మళ్లీ రాయను." అంతే. జవాబు రానివాళ్లని నిజంగానే వదిలేయండి. మూడు బుక్కుల్లో 300 పేర్లుండి 40 మంది సరే అన్నా, ఆ 40 మందీ పోయిన 9,000 కంటే మీకు దగ్గరివాళ్లు. కొన్నవాళ్లకైతే ఇంకా సులువు, వాళ్ల గోడ మీద మీ బొమ్మ ఉంది, ఎలా ఉందని అడగండి, ఫొటో తీసి పంపమనండి.

కొత్త పేర్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, మనిషి బొమ్మ ముందు నిలబడి ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే వస్తాయి. ఇంటికెళ్లాక ఎవరూ వెతుక్కుని రారు. హవా మహల్‌లో ఏదైనా షో ఉన్నా, బీచ్‌రోడ్‌లో స్టాల్ పెట్టినా, టేబుల్ మీద క్యూఆర్ కోడ్ పెట్టి వదిలేయకండి, నోరు తెరిచి అడగండి. "నెలకోసారి ఇలాంటిది ఒకటి మెయిల్‌లో పంపుతాను, పంపమంటారా?" అనండి. సిగ్గుగా ఉంటుంది, నాకూ ఉండేది. ఊ అంటే ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి టైప్ చేయమనండి, చేతిరాతలో అండర్‌స్కోర్ ఏదో గీత ఏదో రాత్రికి మీకే తెలియదు. తర్వాత వాళ్లకి "అవును, నేనే" అని నిర్ధారించమని ఒక మెయిల్ వెళ్లేలా పెట్టుకోండి. కొందరు ఆ లింక్ నొక్కరు, పోనివ్వండి, తప్పుడు ఐడీలు అక్కడే వడకట్టుకుపోతాయి.

ఇంకొకటి, నాకు బాగా పనికొచ్చినది. ప్రతి ఫ్రేమ్ వెనక ఒక లేబుల్ అంటించండి. బొమ్మ పేరు, వేసిన చోటు, సంవత్సరం, మీ పేరు, లిస్టులో చేరే అడ్రస్, క్యూఆర్ కోడ్. బొమ్మలు చేతులు మారతాయి. కొన్నాయన తమ్ముడికి పెళ్లికానుకగా ఇస్తాడు, ఆ తమ్ముడు ఇల్లు మారేటప్పుడు ఫ్రేమ్ తిప్పి చూస్తాడు. అయితే ఆ కోడ్ ఏదో కంపెనీ లింక్‌కి కాకుండా మీ సొంత డొమైన్‌కి, అంటే మీ పేరుతో కొనుక్కున్న వెబ్ అడ్రస్‌కి వెళ్లాలి, ఎందుకంటే రేపు ఆ కంపెనీ వదిలేసి ఇంకోదానికి మారినా గోడల మీద ఉన్న లేబుళ్లు చెల్లుతూనే ఉంటాయి.

రాయడం రాదన్నారు. మీ ఉత్తరం ఇప్పుడే చదివాను కదా, వస్తుంది. మీరు రచయిత్రిలా రాయాలనుకోవడం వల్ల వచ్చిన భయం అది. మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి రాయండి చాలు. ఉదాహరణకి ఇలా:

"సబ్జెక్ట్: ఆరని నీలం. పొద్దున్న 5:30కి హార్బర్‌లో కూర్చున్నాను. ఆకాశానికి మొదటి పూత వేశాను, అరగంట దాటినా కాగితం ఆరలేదు, అంత ఉక్క. ఆగలేక బోటు అంచుకి ఎరుపు పెట్టేశాను, నీలం దాంట్లోకి పాకింది. పాడైందనుకున్నాను. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన వంగి చూసి, మబ్బు రోజు మా బోటు ఇలాగే అవుపడతాదమ్మా అన్నాడు. అలాగే వదిలేశాను. 11 x 15 అంగుళాలు, 300 జీఎస్ఎమ్ కాగితం, ఫ్రేమ్ లేకుండా 4,500 రూపాయలు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపిస్తాను. కావాలంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి."

పది లైన్లు కూడా లేదు. ఒక సంగతి, ఒక బొమ్మ, ఒక ధర. ధర దాచకండి, "వివరాలకు ఇన్‌బాక్స్ చేయండి" అంటే మొహమాటపడి సగం మంది అడగరు. ఫొటో ఒక్కటే పెట్టండి, 1,200 పిక్సెల్స్ వెడల్పు చాలు, కెమెరాలో వచ్చిన పెద్ద ఫైల్ అలాగే పంపకండి. మాటలన్నీ పోస్టర్ మీదే రాసి ఆ పోస్టర్ ఒక్కటే పంపే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది, అది మానేయండి. చాలా ఆఫీసు మెయిల్స్‌లో నొక్కితే గానీ ఫొటో కనబడదు, అప్పుడు వాళ్లకి కనబడేది ఖాళీ పెట్టె. తెలుగువాళ్లకి తెలుగులోనే రాయండి, సబ్జెక్ట్ లైన్ కూడా తెలుగు లిపిలోనే. ఇన్‌బాక్స్ నిండా ఇంగ్లిష్ ఉన్నచోట అది ముందు కళ్లకి తగులుతుంది. కేరళ నేవీ కుటుంబానికి ఇంగ్లిష్‌లో రాయండి, దాని కోసమే భాష కాలమ్ పెట్టమన్నది.

బొమ్మ వెబ్‌లో ఎక్కడైనా పెట్టే ముందు లిస్టులో వాళ్లకి రెండు రోజులు ముందు చూపిస్తానని చెప్పండి, చెప్పాక ఆ మాట తప్పకండి. ఒక్కసారి ముందే వేరేవాళ్లకి అమ్మేస్తే లిస్టులో వాళ్లు ఇక మీ మెయిల్ ఆత్రంగా తెరవరు.

టెక్నికల్ విషయాలు ఎక్కువ చెప్పి టెన్షన్ పెట్టను. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి పంపలేరు, ముప్పై నలభై మంది వరకు దాంతో నెట్టుకురావచ్చు, కానీ అందరి అడ్రసులూ బీసీసీలో, అంటే ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనబడని గడిలో పెట్టాలి. నేను పాల్గొన్న ఒక గ్రూప్ షోలో నిర్వాహకులు 150 మంది అడ్రసులు బయటికి కనబడేలా పెట్టి పంపారు. దానికి అందరూ అందరికీ జవాబులు, అందులోంచి అడ్రసులు తీసుకుని ఎవరెవరో ధరల పట్టికలు. నా దగ్గర ప్రింటు కొన్న ఒక టీచరుగారు ఫోన్ చేసి, మీ వల్లే కదా నా ఐడీ వాళ్లకి వెళ్లింది అన్నారు. తప్పు నాది కాకపోయినా క్షమాపణ చెప్పాను, ఆవిడ మళ్లీ రాలేదు.

లిస్టు యాభై దాటగానే మెయిల్‌చింప్, బ్రెవో, సబ్‌స్టాక్ లాంటి సర్వీసు ఏదో ఒకటి తీసుకోండి. ఏదైనా పర్లేదు, ఉచితంగా ఎంత మందికి పంపనిస్తారో చేరేరోజు చూసుకోండి, ఆ లెక్కలు మారుతుంటాయి. నేను చూసేవి రెండే: లిస్టు మొత్తాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) బయటికి తీసుకోనిస్తుందా, ఇక వద్దనుకునేవాళ్లు నొక్కడానికి ప్రతి మెయిల్ కింద అన్‌సబ్‌స్క్రైబ్ ఉంటుందా. ఆ ఫైల్ ప్రతి నెల ఒకటో తారీఖున దింపి, ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మీకు జరిగినదాని తర్వాత ఇది ఎందుకో నేను చెప్పక్కర్లేదు. సర్వీసులోకి మారాక పంపే అడ్రస్ జీమెయిల్‌ది పెట్టకండి, వేరే సర్వీసు ద్వారా జీమెయిల్ పేరుతో వచ్చే మెయిల్ అవతలివైపు అనుమానంగా కనబడుతుంది. మీ డొమైన్ మీద ఒక అడ్రస్ పెట్టుకుని, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు సెట్టింగులు చేయించండి. ఈ మెయిల్ నిజంగా మీరు పంపిందేనని రుజువు చేసేవి అవి. సర్వీసువాళ్లు ఇచ్చే లైన్లు కాపీ చేసి డొమైన్ కొన్నచోట అతికించాలి, అంతే. ఇంట్లో ఇంజినీరింగ్ పిల్లలెవరైనా ఉంటే ఒక మధ్యాహ్నం పని.

వాట్సాప్ చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు, మీరు అడగలేదు గానీ చెబుతాను. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకి 256 మందే, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. రేపు సాయంత్రం షో ఉంది రండి అని ఊళ్లోవాళ్లకి చెప్పడానికి బాగుంటుంది. నెల తర్వాత వెతుక్కుని బొమ్మ కొనడానికి పనికిరాదు, ఈలోగా దాని మీద రెండొందల మెసేజులు పడతాయి.

నెలకి ఒకటి, ఒకే తారీఖున. ఏ నెలైనా బొమ్మ కుదరకపోతే కుదరలేదనే రాయండి, నాలుగు లైన్లు. డిసెంబర్ మొదటివారం మెయిల్ మాత్రం అస్సలు వదలొద్దు. విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకి, సంక్రాంతికి వచ్చేది అప్పుడే, వచ్చి స్వయంగా చూసి తీసుకెళ్తారు, పార్సిల్ బాధ ఉండదు.

ఎంతమంది తెరిచారన్న లెక్కను పట్టించుకోవడం నేను మానేశాను. 2021లో ఆపిల్ తెచ్చిన ప్రైవసీ పద్ధతి వల్ల చదవని మెయిల్ కూడా తెరిచినట్టు లెక్కలో పడుతుంది. ఎంతమంది జవాబు రాశారో చూడండి, ప్రతి జవాబుకి మీరే తిరిగి రాయండి. ఏడాదికోసారి అసలు ఉలుకూ పలుకూ లేనివాళ్లకి "ఇంకా పంపమంటారా?" అని అడిగి, జవాబు లేకపోతే తీసేయండి. అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లని ఎందుకని అడగకండి, మళ్లీ చేర్చకండి. మొదట్లో ఒక్కొక్కరు పోతుంటే మనసు చివుక్కుమంటుంది, తెలిసినవాళ్లయితే మరీ. నా లిస్టులోంచి మా పిన్ని కూతురు వెళ్లిపోయింది, ఇప్పటికీ సంక్రాంతికి కలిసి అరిసెలు వండుకుంటాం, ఆ మాట ఎత్తను.

ఇవాళ సాయంత్రం ఆ కాగితం రాశాక, పైనున్న అయిదు పేర్లకి రేపు మెయిల్ చేయండి. ఆరో పేరుగా నన్ను రాసుకోండి, ఈ ఉత్తరం వచ్చిన అడ్రస్ మీ దగ్గర ఉంటుంది. ఊరు భీమిలి, భాష తెలుగు, హార్బర్ బొమ్మ.